రాజనీతిజ్ఞులు, సంస్కర్తల స్మారక తపాలా బిళ్ళలు: తరచుగా అడిగే ప్రశ్నలు

స్టాంపుల సంగతి కాస్త తెలిసినవాడు దొరికితే చాలు, ప్రశ్నలు వరుస కడతాయి. మా నాయకుడి మీద స్టాంపు వేయించడం ఎలా, పేపర్లో చూసిన కవరు స్టాంపేనా, తాతగారి పెట్టెలో దొరికిన బిళ్ళకు ఎంత వస్తుంది? ఎవరు అడిగినా ఇవే. అందుకే వాటిని దశలవారీగా ఒకచోట పెట్టాను. ఉదాహరణలకు ఎక్కువగా 1966 నాటి గోపాలకృష్ణ గోఖలే బిళ్ళను తీసుకున్నాను. రాజనీతిజ్ఞుడు, సంస్కర్త ఒకే మనిషిలో కలిసి ఉన్నారు, పైగా ఆ బిళ్ళ ఇప్పటికీ సులువుగా దొరుకుతుంది. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## బిళ్ళ రాకముందు

స్మారక తపాలా బిళ్ళకూ, మామూలు స్టాంపుకూ తేడా ఏమిటి?

రోజువారీ ఉత్తరాల కోసం అచ్చయ్యేవి సాధారణ శ్రేణి బిళ్ళలు. నిల్వ అయిపోతే మళ్ళీ అచ్చు వేస్తారు, ఏళ్ల తరబడి అవే నడుస్తాయి. స్మారక బిళ్ళ ఒక వ్యక్తినో, సంఘటననో, సంస్థనో తలచుకుంటూ ఫలానా తేదీన వెలువడుతుంది. ముందే నిర్ణయించిన సంఖ్యలో ఒక్కసారి అచ్చవుతుంది, అమ్ముడైపోతే ఇక అంతే. ఒకే మనిషి రెండు రకాల్లోనూ కనిపించవచ్చు. అంబేడ్కర్ మీద 1966లో స్మారక బిళ్ళ వచ్చింది, ఆ తర్వాతి దశాబ్దాల్లో సాధారణ శ్రేణిలోకీ ఆయన బొమ్మ ఎక్కింది. సేకరించేవాళ్ళు మొదటిదాని వెంట పడతారు. నన్నడిగితే రెండోదే పెద్ద గౌరవం. స్మారక బిళ్ళ ఆల్బములోకి పోతుంది, సాధారణ శ్రేణి బిళ్ళ ఊరూరా ఇంటి గడప దాకా వస్తుంది.

మా జిల్లా నాయకుడి మీద స్టాంపు వేయించాలంటే ఎవరికి రాయాలి?

ఢిల్లీలోని తపాలా శాఖ ప్రధాన కార్యాలయానికి, అంటే డాక్ భవన్‌లోని ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) విభాగానికి రాయాలి. ప్రతిపాదన ఎవరైనా పంపవచ్చు. కుటుంబం, సంఘం, విద్యాసంస్థ, ఏదైనా ఫరవాలేదు. వచ్చిన ప్రతిపాదనలను ఫిలాటెలిక్ సలహా సంఘం పరిశీలిస్తుంది, ఆపై మంత్రిత్వ శాఖ ఆమోదం కావాలి. జయంతి ఇంకో రెండు నెలల్లో ఉందనగా రాస్తే లాభం లేదు. ఒకటి రెండేళ్ల ముందే కాగితం కదలాలి.

చాలా అర్జీలు ఒకేలా ఉంటాయి: నాలుగు పేజీల పొగడ్త, చివర్లో పాతిక సంతకాలు. అడిగేది మాత్రం వేరు. ఆయన చేసిన పని జిల్లా ఎల్లలు దాటి దేశానికి ఏమిచ్చింది? దానికి ఒక్క పేజీలో తేదీలతో సహా జవాబు రాయండి. పుట్టిన తేదీకి ఆధారం జతచేయండి. మంచి ఫొటో ఒకటి ఇవ్వండి. ఎక్కువగా చిక్కు వచ్చేది ఈ ఫొటో దగ్గరే. గ్రూపు ఫొటోలోంచి కత్తిరించిన మసక ముఖం తప్ప ఇంట్లో ఇంకేమీ ఉండదు. అగ్గిపెట్టె అంత జాగాలోకి కుదించినా పోలిక నిలిచే బొమ్మ కావాలి.

బతికున్నవాళ్ళ మీద స్టాంపు వేయరంటారు, నిజమేనా?

సాధారణ నియమం అదే. మినహాయింపులు మాత్రం ఉన్నాయి, అందులో మొదటిది సంస్కర్తదే కావడం విశేషం. వితంతు స్త్రీల చదువుకూ, పునర్వివాహానికీ జీవితాన్ని ధారపోసిన ధోండో కేశవ్ కర్వే 1958 ఏప్రిల్ 18న నూరేళ్లు నిండిన రోజునే ఆయన బిళ్ళ వెలువడింది. ఆయన దాన్ని కళ్లారా చూశారు, మరో నాలుగేళ్లు బతికారు. 1960లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యకూ అలాగే జరిగింది. మైసూరు దివానుగా పనిచేసిన ఆయన మన హైదరాబాదుకూ బాగా తెలిసినవారే. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడే పథకం వేసింది ఆయనే. మన కాలంలో సచిన్ తెందూల్కర్ బిళ్ళ 2013లో వచ్చింది. ఇన్ని ఉన్నా, వీటిని చూపించి మీ నాయకుడికీ జీవించి ఉండగానే వేయమని అడిగితే పని జరగదు.

ఎప్పుడూ శతజయంతికే ఎందుకు వేస్తారు?

ఎప్పుడూ కాదు, ఎక్కువసార్లు. నూరేళ్ల తర్వాత కూడా ఒక మనిషి పేరు నిలిచిందంటే దేశం గుర్తు పెట్టుకున్నట్టే కదా అన్నది అందులోని తర్కం. గోఖలే 1866 మే 9న పుట్టారు, బిళ్ళ 1966 మే 9న వచ్చింది. కాని కందుకూరి వీరేశలింగం బిళ్ళ 1974లో వెలువడింది. ఆయన పుట్టింది 1848లో, పోయింది 1919లో, ఎటు లెక్కేసినా గుండ్రటి అంకె కుదరదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1981 మే 9న కన్నుమూశారు, మరుసటి ఏడాదే బిళ్ళ వచ్చేసింది. కాబట్టి శతజయంతి దాటిపోయిందని దిగులు పడాల్సిన పని లేదు.

బొమ్మ ఎవరు గీస్తారు, ఎక్కడ అచ్చు వేస్తారు?

తపాలా శాఖకు తన సొంత రూపకర్తలు ఉన్నారు, బయటి చిత్రకారులకూ అప్పుడప్పుడు అవకాశం ఇస్తారు. అచ్చుకు అసలు పుట్టిల్లు నాసిక్‌లోని ఇండియా సెక్యూరిటీ ప్రెస్, 1920ల నుంచి అక్కడే. హైదరాబాదులోని సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్‌లోనూ స్మారక బిళ్ళలు అచ్చయ్యాయి. 1948 ఆగస్టు 15న వచ్చిన నాలుగు గాంధీ బిళ్ళలు మాత్రం స్విట్జర్లాండ్‌లో అచ్చయ్యాయి. ఖద్దరు ఉద్యమ నాయకుడి బొమ్మ విదేశీ ప్రెస్సులోనా అని ముక్కున వేలేసుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అచ్చు నాణ్యత చూశాక నోరు మెదపరు.

## విడుదల రోజు

పేపర్లో ‘ప్రత్యేక తపాలా కవరు విడుదల’ అని రాశారు. అది స్టాంపేనా?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ప్రత్యేక కవరు అంటే ఒక సందర్భానికి బొమ్మ వేసి ముద్రించిన లిఫాఫా. దాని మీద అప్పటికే చలామణిలో ఉన్న ఏదో ఒక స్టాంపు అంటించి, ఆ రోజు కోసం చేయించిన ప్రత్యేక ముద్ర కొడతారు. దీనికి రాష్ట్రంలోని తపాలా సర్కిల్ అనుమతి సరిపోతుంది. స్మారక బిళ్ళకైతే ఢిల్లీ ఆమోదం కావాలి, అది దేశమంతటికీ వెలువడుతుంది. ఫొటోలో వేదిక మీద పెద్దలు పట్టుకుని నిలబడ్డ అట్ట రెండు సందర్భాల్లోనూ ఒకేలా కనిపిస్తుంది కాబట్టి వార్త రాసేవాళ్ళూ కలగలిపేస్తారు. తేల్చుకోవడం తేలిక. కవరు కుడి పైమూల చూడండి. అక్కడి బిళ్ళ మీద ఉన్నది ఆ నాయకుడి ముఖమేనా, లేక మరెవరిదో, ఏ పువ్వో పక్షో ఉందా?

ప్రత్యేక కవరు తక్కువదని కాదు. ఒక ఊరి పాఠశాలకు, ఒక గ్రంథాలయానికి దక్కే చక్కని గుర్తింపు అది. దాన్ని దాని పేరుతో పిలిస్తే చాలు.

మా సంఘం వాళ్ళు ఆయన ఫొటోతో స్టాంపు వేయించారు. ప్రభుత్వం గుర్తించినట్టేనా?

అది ‘మై స్టాంప్’ అయి ఉంటుంది. 2011లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ స్టాంపుల ప్రదర్శన సందర్భంగా తపాలా శాఖ మొదలుపెట్టిన పథకం. డబ్బు కట్టి ఫొటో ఇస్తే 12 బిళ్ళల షీటు అచ్చు వేసి ఇస్తారు. పెళ్ళి జంటలు, పసిపిల్లలు, పదవీ విరమణ చేసిన మాస్టార్లు, అందరూ వేయించుకుంటున్నారు. దగ్గరగా చూస్తే అందులో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి తపాలా శాఖ బొమ్మ, ముఖవిలువ (బిళ్ళ మీద అచ్చయిన ధర) ఉన్న అసలు బిళ్ళ. పక్కనే ఆనుకుని ఉన్న రెండోది మీ ఫొటో అచ్చయిన ముక్క. ఉత్తరానికి చెల్లేది మొదటి భాగం వల్లే.

కుటుంబానికి అది ముచ్చటైన జ్ఞాపకం. ‘భారత ప్రభుత్వం మా నాయకుడి స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది’ అని శిలాఫలకం మీద చెక్కించే ముందు మాత్రం ఒక్కసారి ఆగండి.

మొదటిరోజు కవరు అంటే ఏమిటి?

బిళ్ళ విడుదలైన రోజున, దానికోసమే ముద్రించిన కవరు మీద ఆ బిళ్ళ అంటించి, ఆ తేదీ ఉన్న ప్రత్యేక ముద్రతో కొట్టినది. కవరు ఎడమవైపు నాయకుడికి సంబంధించిన బొమ్మ, కుడివైపు బిళ్ళ, బిళ్ళ మీదుగా ముద్ర. ముద్ర రూపం కూడా సందర్భానికి తగ్గట్టు గీస్తారు. ఒకే బిళ్ళకు ఒకటికి మించిన ఊళ్ల ముద్రలతో కవర్లు ఉండవచ్చు. ఎవరైనా నాయకుడి సొంత ఊరి ముద్ర ఉన్నదాన్నే ఇష్టపడతారు. చిరునామా రాయకుండా ఉంచాలా, రాసి పోస్టు చేయాలా అన్నది పాత తగాదా. రెండూ చెల్లుతాయి. టపాలో ప్రయాణించి వచ్చిన కవరుకు జీవం ఎక్కువ అనేవాళ్ళలో నేనొకణ్ణి.

కవరుతో ఇచ్చే మడత కాగితం పారేయవచ్చా?

దయచేసి పారేయకండి. దాన్ని బ్రోచర్ అంటారు. లోపల బిళ్ళ అంటించి, మొదటిరోజు ముద్ర వేసి ఉంటుంది. హిందీ, ఇంగ్లీషుల్లో నాయకుడి జీవిత సంగ్రహం ఉంటుంది. అసలు నిధి చివర్లో ఉండే చిన్న పట్టిక: ముఖవిలువ, అచ్చయిన సంఖ్య, అచ్చు పద్ధతి, ఏ ప్రెస్సు అన్నవి. ‘ఎన్ని బిళ్ళలు అచ్చయ్యాయి?’ అని యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా అడిగితే నమ్మదగ్గ జవాబు అందులోనే దొరుకుతుంది. అరుదు, అరుదు అని అమ్మేవాడి నోరు మూయించడానికి ఆ ఒక్క పంక్తి చాలు.

## కొనడం

కొత్తగా విడుదలైన స్టాంపు మా ఊరి పోస్టాఫీసులో లేదన్నారు. ఎక్కడ దొరుకుతుంది?

స్మారక బిళ్ళలు ప్రతి పోస్టాఫీసుకూ రావు. పెద్ద నగరాల ప్రధాన తపాలా కార్యాలయాల్లో ఉండే ఫిలాటెలిక్ బ్యూరోల్లో అడగాలి. హైదరాబాదులోనైతే అబిడ్స్ జనరల్ పోస్టాఫీసు. తపాలా శాఖ ఆన్‌లైన్ అంగడిలోనూ అమ్ముతారు. విడుదలైన మొదటి వారాల్లోనే తీసుకోండి. ముఖవిలువకే వస్తుంది, ₹5 బిళ్ళకు ₹5.

ప్రతిసారీ తిరగలేను. ఇంటికే వచ్చే మార్గం ఉందా?

ఉంది, ఫిలాటెలిక్ డిపాజిట్ ఖాతా. బ్యూరోలో ₹200 కట్టి తెరవవచ్చు. మీకు ఏవి కావాలో, ఎన్నెన్ని కావాలో ఫారంలో రాసిస్తే, కొత్తవి వెలువడినప్పుడల్లా ఖాతాలోంచి వెల తీసుకుని పోస్టులో పంపుతారు. సొమ్ము తగ్గినప్పుడు మళ్ళీ వేయాలి. విడి బిళ్ళ, నాలుగు బిళ్ళల దిమ్మ, మొదటిరోజు కవరు, బ్రోచర్ అని వేర్వేరుగా ఎంచుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు అన్నిటికీ టిక్కు పెట్టేస్తారు, ఆరు నెలల్లో ఖాతా ఖాళీ అవుతుంది. బ్రోచర్, రెండు విడి బిళ్ళలు చాలు.

1966 నాటి గోఖలే బిళ్ళ ఇప్పుడు సంపాదించగలనా?

సంపాదించగలరు, అదీ పెద్ద ఖర్చు లేకుండా. ఆ కాలపు స్మారక బిళ్ళలు లక్షల సంఖ్యలో అచ్చయ్యాయి, వాడినవైతే ఇంకా తేలికగా దొరుకుతాయి. స్టాంపుల వ్యాపారుల దగ్గర, ప్రదర్శనల్లో పెట్టే దుకాణాల్లో, సేకర్తల సంఘాల సమావేశాల్లో చూడండి. సంఘాల్లో మార్పిడికే ఎక్కువ విలువ. మీ దగ్గర రెండేసి ఉన్నవి పట్టుకెళ్ళండి. ఆన్‌లైన్‌లో కొంటే బిళ్ళ ముందువైపుతో పాటు వెనుకవైపు ఫొటో కూడా అడగండి. వెనుకవైపు చూపించనివాడి దగ్గర కొనకండి.

## బిళ్ళను చదవడం

గోఖలే ఎవరు, ఆయన మీద బిళ్ళ ఎందుకు?

స్కూలు పుస్తకంలో ‘గాంధీజీ రాజకీయ గురువు’ అన్న ఒక్క ముక్క దగ్గర గోఖలే ఆగిపోతారు. గురువు శిష్యుడి కంటే మూడేళ్లే పెద్ద. ఫెర్గూసన్ కళాశాలలో అధ్యాపకుడు, 1905లో కాంగ్రెసు అధ్యక్షుడు. అదే ఏడాది పుణేలో భారత సేవక సంఘాన్ని స్థాపించారు. రాజకీయాన్ని తీరికవేళ వ్యాపకంగా కాక, బతుకంతా చేసే సేవగా స్వీకరించే మనుషులను తయారుచేయడం దాని ఉద్దేశం. 1912లో దక్షిణాఫ్రికా వెళ్లి అక్కడి భారతీయుల కష్టాలు చూసి వచ్చారు.

నాకు అన్నిటికంటే ముఖ్యమైనది 1911. ప్రాథమిక విద్యను ఉచితంగా, నిర్బంధంగా చేయాలని ఆయన సామ్రాజ్య శాసన మండలిలో బిల్లు పెట్టారు. మరుసటి ఏడాది అది ఓడిపోయింది. ఓడిపోతుందని తెలిసే పెట్టారు. ఆయన 1915 ఫిబ్రవరి 19న, 48 ఏళ్లకే చనిపోయారు. ఆ ఆలోచన 2002లో రాజ్యాంగ సవరణగానూ, 2009లో విద్యాహక్కు చట్టంగానూ తిరిగి వచ్చింది, 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. బిల్లుకూ చట్టం అమలుకూ మధ్య దాదాపు వందేళ్లు, ఆ దారి నడుమ ఎక్కడో 15 పైసల బిళ్ళ. బిళ్ళ మీద ఇదంతా రాసి ఉండదు. తలపాగా, కళ్లద్దాలు, పేరు అంతే. మిగతాది మనం చదువుకోవాలి.

1960ల స్టాంపులన్నీ 15 పైసలవే ఎందుకు కనిపిస్తాయి?

అప్పట్లో దేశంలో ఎక్కడికైనా మామూలు ఉత్తరం వెళ్ళడానికి పట్టే రుసుము అది. స్మారక బిళ్ళ జనం చేతుల్లో తిరగాలంటే ఉత్తరం వెలకే వేయాలి. కర్వే, విశ్వేశ్వరయ్య, గోఖలే, అంబేడ్కర్ నలుగురివీ 15 కావడానికి కారణం ఇదే. ఆ తర్వాత అంకె పెరుగుతూ పోయింది. 1974 వీరేశలింగం బిళ్ళ 25 పైసలు, 1982 దుర్గాబాయి బిళ్ళ 50 పైసలు. చాలా ఏళ్లుగా 20 గ్రాముల ఉత్తరానికి ₹5. ఆల్బములో వరుసగా పెడితే ధరల చరిత్ర దానంతట అదే కనిపిస్తుంది.

‘నయా పైసా’ ఉన్నవి, లేనివి కనిపిస్తున్నాయి. ఏది అసలు?

రెండూ అసలే. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చినప్పుడు పాత పైసా నుంచి వేరుగా తెలియడానికి ‘నయా’ చేర్చారు. 1964 జూన్ 1న ఆ మాట తీసేశారు. కాబట్టి 1958 కర్వే బిళ్ళ నయా పైసలది, 1966 గోఖలే బిళ్ళ పైసలది.

తెలుగు సంస్కర్తలు, నాయకుల్లో ఎవరెవరికి వచ్చింది?

పూర్తి జాబితా కాదు గాని, ఆల్బములో ఒక పుట నింపడానికి చాలినన్ని చెబుతాను. వేమన, టంగుటూరి ప్రకాశం ఇద్దరివీ 1972లో వచ్చాయి. ప్రకాశం 1872 ఆగస్టు 23న పుట్టారు కాబట్టి అది ఆయన శతజయంతి ఏడు. వీరేశలింగం బిళ్ళ 1974లో, దుర్గాబాయి దేశ్‌ముఖ్ బిళ్ళ 1982లో, అల్లూరి సీతారామరాజు బిళ్ళ 1986లో, పింగళి వెంకయ్య బిళ్ళ 2009లో వెలువడ్డాయి.

ఇందులో వీరేశలింగం, దుర్గాబాయి బిళ్ళలను పక్కపక్కన పెట్టి చూడమంటాను. ఇద్దరికీ రాజమహేంద్రవరమే పుట్టినూరు. 1881 డిసెంబరు 11న అక్కడ మొదటి వితంతు వివాహం జరిపించి వీరేశలింగం ఊరి ఆగ్రహాన్ని నెత్తికెత్తుకున్నారు. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత అదే ఊళ్ళో పుట్టిన ఆడపిల్ల రాజ్యాంగ సభలో కూర్చుంది, ఆంధ్ర మహిళా సభను నిలబెట్టింది, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలైంది. రెండు చిన్న కాగితం ముక్కల మధ్య ఇంత దూరం ఉంది.

వాటర్‌మార్క్, చిల్లుల లెక్క అంటున్నారు. అవి చూడటం తప్పనిసరా?

సరదాకి సేకరించేవాళ్ళకు అక్కర్లేదు. నకిలీ పట్టుకోవాలంటే కావాలి. 1960ల బిళ్ళల్లో చాలావాటి కాగితంలో అశోక స్తంభ శీర్షం నీటిగుర్తుగా ఉంటుంది. బిళ్ళను బోర్లా పెట్టి ఏటవాలు వెలుతురులో చూస్తే లీలగా కనిపిస్తుంది. చిల్లుల లెక్క అంటే అంచున 2 సెంటీమీటర్ల పొడవులో ఎన్ని రంధ్రాలు ఉన్నాయన్నది. దానికి గీతల కొలబద్ద అమ్ముతారు. జిరాక్సు తీసి కత్తిరించిన నకిలీ ఈ రెండు పరీక్షల్లోనూ దొరికిపోతుంది.

## దాచుకోవడం

తాతగారి పాత ఉత్తరాల మీద స్టాంపులు ఉన్నాయి. కత్తిరించి తీయాలా?

తొందరపడకండి. ముందు కవరు మొత్తంగా చూడండి. ముద్ర స్పష్టంగా ఉందా, ఊరి పేరు, తేదీ చదవగలమా, చిరునామా ఉందా? ఉంటే కవరును అలాగే ఉంచేయండి. ఇప్పుడు లేని చిన్న పోస్టాఫీసు ముద్ర ఉన్న కవరు, అందులోని బిళ్ళ కంటే ఎక్కువ విలువైనది కావచ్చు. ముద్ర పూర్తిగా అలికిపోయి, కవరు చిరిగి ఉంటేనే బిళ్ళ విడదీయండి. ఉత్తరాన్ని మాత్రం పారేయకండి, అది కుటుంబానిది.

నీళ్ళలో నానబెట్టి తీస్తే రంగు పోతుందా?

పద్ధతి తెలిస్తే పోదు. బిళ్ళ చుట్టూ వేలెడు జాగా వదిలి కవరు ముక్కను కత్తిరించండి. వెడల్పాటి పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు పోసి, బిళ్ళ పైకి ఉండేలా తేలనివ్వండి. పదీ పదిహేను నిమిషాలకు జిగురు కరిగి కాగితం కిందికి జారుతుంది. వేలితో కొద్దిగా తోస్తే బిళ్ళ కదలాలి. కదలకపోతే ఇంకాసేపు ఆగాలే తప్ప లాగకూడదు. తడిసిన బిళ్ళ అంచు పళ్ళు ఇట్టే ఊడతాయి. వెనుక జిడ్డుగా మిగిలిన జిగురును మంచినీళ్ళలో మరోసారి కడిగి, అద్దుడు కాగితం మీద బోర్లా ఆరబెట్టండి. ఆరుతున్నప్పుడు చుట్ట చుట్టుకుపోతుంది, కంగారు పడకండి. పూర్తిగా ఆరాక పుస్తకం మధ్య రాత్రంతా పెడితే సాపవుతుంది.

ఎర్ర కవరు, ఆకుపచ్చ కవరు, ఊదా సిరాతో రాసిన చిరునామా ఉన్నవాటిని విడివిడిగా నానబెట్టండి. ఆ రంగు నీళ్ళలో దిగి పక్క బిళ్ళలకూ అంటుకుంటుంది. వాడని బిళ్ళను ఎట్టి పరిస్థితుల్లోనూ తడపకూడదు.

బిళ్ళల మీద గోధుమరంగు చుక్కలు వస్తున్నాయి. ఏం చేయాలి?

అది తేమకు పుట్టే బూజు, మన వాతావరణంలో మహా పీడ. వచ్చాక పూర్తిగా పోదు, పాకకుండా ఆపగలం. మచ్చ పడ్డదాన్ని వెంటనే వేరు చేయండి. ఆల్బమును పడుకోబెట్టకుండా నిలబెట్టండి, బయటి గోడను ఆనుకున్న అలమరలో పెట్టకండి. సిలికా జెల్ పొట్లాలు ఉంచి వానాకాలంలో మారుస్తూ ఉండండి. నెలకోసారి ఫ్యాను కింద పుటలు తిప్పండి, ఎండలో మాత్రం పెట్టొద్దు. సముద్రతీరపు ఊళ్లలో వాడని బిళ్ళలు జిగురువైపు పుటకు అతుక్కుపోతాయి, మధ్యలో నున్నటి పారదర్శక కాగితం వేయండి. చేతితో ముట్టకుండా చదును మొనల చిమటా వాడండి.

గమ్ముతో ఆల్బములో అంటించవచ్చా?

వద్దు. సెలోటేపు అంతకన్నా వద్దు. జేబుల వరుసలు ఉండే స్టాక్‌బుక్ కొనండి.

## విలువ, ఆ పైన

మా ఇంట్లో గాంధీ స్టాంపు ఉంది. లక్షలు వస్తాయా?

చాలామటుకు రావు. లక్షల కథ వెనుక ఉన్నది 1948 నాటి ₹10 గాంధీ బిళ్ళ, అందులోనూ ‘సర్వీస్’ అని పైన అచ్చు వేసినది. గవర్నర్ జనరల్ కార్యాలయం వాడకానికి అలాంటివి 100 మాత్రమే తయారయ్యాయి. 2017లో నాలుగు బిళ్ళల వరుస ఒకటి 5 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. ఆ వార్త చదివి దేశమంతా పెట్టెలు తెరిచింది. మామూలు ₹10 గాంధీ బిళ్ళ వాడనిది, మచ్చలేనిది అయితే మంచి ధరే పలుకుతుంది. ధర ఉంది కాబట్టి నకిలీలూ బోలెడు. అనుభవజ్ఞుడికి చూపించకుండా కొనడం, అమ్మడం రెండూ వద్దు. గాంధీ మీద తర్వాత వచ్చిన బిళ్ళలు అనేకం, వాటిలో ఎక్కువ భాగం చిల్లర ధరకే దొరుకుతాయి.

1960ల సంస్కర్తల స్టాంపులు ఓ యాభై ఉన్నాయి. ధర ఎలా కట్టాలి?

వయసును బట్టి ధర రాదు. ఎన్ని అచ్చయ్యాయి, ఏ స్థితిలో ఉంది, ఎవరికి కావాలి, ఈ మూడే లెక్క. పళ్ళన్నీ ఉన్నాయా, బొమ్మ నాలుగువైపులా సమంగా ఉందా, వాడనిదైతే వెనుక జిగురు చెక్కుచెదరకుండా ఉందా అని చూస్తారు. ధరల పట్టికలో రాసిన అంకె వ్యాపారి అమ్మే ధరకు ఒక సూచన, మీ చేతికి వచ్చేది కాదు. వాడిన యాభై బిళ్ళలకు ఒక పూట టిఫిను ఖర్చు వస్తే సంతోషించండి. అందుకే అమ్మమని నేను చెప్పను.

పాత స్మారక బిళ్ళ ఇప్పుడు ఉత్తరానికి అంటించవచ్చా?

అణాల కాలంవి చెల్లవు. రూపాయల ముఖవిలువ ఉన్న, వాడని స్మారక బిళ్ళలను అంటించవచ్చు. పైసల బిళ్ళలైతే రుసుము నిండటానికి కవరంతా పరచాలి, ముందు కౌంటరులో అడగడం మంచిది. ముద్ర సరిగా పడని పాత బిళ్ళను ఊడదీసి మళ్ళీ అంటించడం నేరం.

విదేశాలు కూడా మన నాయకుల మీద స్టాంపులు వేశాయా?

గాంధీ విషయంలో లెక్కలేనన్ని. అమెరికా 1961 జనవరి 26న, మన గణతంత్ర దినం నాడే వేసింది. ఎవరి పాలన మీద ఆయన పోరాడారో ఆ బ్రిటనే 1969లో శతజయంతి బిళ్ళ విడుదల చేసింది. దాన్ని గీసింది భారతీయ మూలాలున్న చిత్రకారుడు బిమన్ ముల్లిక్. గాంధీని దాటితే ఈ వరుస చాలా పలచబడుతుంది.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఈ అలవాటుకు ప్రోత్సాహం ఏమైనా ఉందా?

తపాలా శాఖ 2017లో మొదలుపెట్టిన దీన్ దయాళ్ స్పర్శ్ ఉపకార వేతనం ఉంది. 6 నుంచి 9వ తరగతి పిల్లలకు ఏడాదికి ₹6,000. బడిలో ఫిలాటెలీ క్లబ్బులో సభ్యత్వమో, సొంత ఫిలాటెలిక్ డిపాజిట్ ఖాతానో ఉండాలి, చదువులో 60 శాతం మార్కులు రావాలి. రాత క్విజ్, ఆపై స్టాంపుల మీద ప్రాజెక్టు ఉంటాయి. ప్రకటన కోసం మీ సర్కిల్ తపాలా కార్యాలయాన్ని కనిపెట్టుకుని ఉండండి. ప్రాజెక్టు పిల్లల చేతే చేయించండి. తండ్రి చేసిన ప్రాజెక్టు ఆమడ దూరం నుంచే తెలిసిపోతుంది.

సంస్కర్తల అంశం మీద ప్రదర్శనలో పెట్టాలంటే ఎలా మొదలుపెట్టాలి?

ప్రదర్శన చట్రంలో మామూలుగా 16 పుటలు పడతాయి. కొత్తవాళ్ళకు ఒక చట్రం చాలు. బిళ్ళలను విడుదలైన సంవత్సరాల వరుసలో అంటించుకుంటూ పోతే అది జాబితా అవుతుంది, న్యాయనిర్ణేత రెండో పుటకే ముందుకు కదిలిపోతాడు. ఒక ప్రశ్న పట్టుకోండి. ఆడపిల్లల చదువు కోసం ఎవరెవరు నిలబడ్డారు? ఫూలే, కర్వే, వీరేశలింగం, దుర్గాబాయి ఒకే కథలోకి వస్తారు. గోఖలే బిల్లు పక్క పుటలో చేరుతుంది. బిళ్ళలతో పాటు ఒకటి రెండు మొదటిరోజు కవర్లు, టపాలో నడిచిన ఒక ఉత్తరం, ఊరి ముద్ర ఉన్న ఒక పోస్టుకార్డు కలపండి. రాత తక్కువగా, చేతిరాతైనా స్పష్టంగా ఉండాలి. ఫొటోకాపీలు, పత్రికల కత్తిరింపులు పెడితే మార్కులు పోతాయి. మొదటిసారి జిల్లా స్థాయిలో పెట్టండి, చూసినవాళ్ళు చెప్పే లోపాలు రాసుకుని పుటలు మార్చి తర్వాతి ఏడు రాష్ట్ర స్థాయికి పంపండి.